పన్ను కట్టేసిన డబ్బుకు సాక్ష్యం



ఎవరి స్మృతిలో ఈ రోజు మనమంతా కలిశామో ఆ పెద్దాయన లెక్కల మనిషి. న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాల పన్ను కాగితాలు ముందు వేసుకుని, ఫీజు మాట ఎత్తకుండా, గడి గడికీ అర్థం చెప్పినవారు. అలాంటి మనిషి పేరు మీద జరిగే సభలో ఒక పన్ను ఫారం గురించి మాట్లాడటమే ఆయనకు తగిన నివాళి అనుకున్నాను. ఆ ఫారం నంబరు 8606. ఈ హాల్లో ఉన్న ఇళ్ళలో చాలావాటికి దానితో పని ఉంది. పని ఉన్నట్టు తెలియని ఇళ్ళు కూడా ఉన్నాయని నా అనుభవం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రిటైర్మెంట్ ఖాతాలో మనం వేసిన డబ్బుకు ముందే పన్ను కట్టేశామని రుజువు చేసే కాగితం మనం దాఖలు చేస్తే తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ కాగితాన్ని అప్పట్లో దాఖలు చేయకపోయినా, ఇప్పుడు చేయడానికి దారి ఉంది. అడగకముందే వెళ్ళి చెప్పుకున్నవారిని అమెరికా పన్ను చట్టం వేరుగా చూస్తుంది. ఈ సంగతి తెలియక భయపడి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ నష్టపోతున్నారు.

కాస్త చరిత్ర చెప్పుకుందాం, ఎందుకంటే ఈ చిక్కు అందులోనే పుట్టింది. వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతా, మనం ఐఆర్‌ఏ అంటున్నది, 1974లో వచ్చిన ఎరిసా చట్టంతో మొదలైంది. కంపెనీ పెన్షన్ లేని ఉద్యోగి ఏడాదికి 1,500 డాలర్ల వరకు దాచుకుని, అంత మేరకు ఆదాయంలో మినహాయింపు పొందే వీలు కల్పించారు. 1981లో పరిమితి 2,000 డాలర్లు చేసి, ఉద్యోగం చేసే ప్రతివారికీ తలుపు తెరిచారు. అప్పటిదాకా లెక్క తేలిక. వేసేటప్పుడు పన్ను లేదు, తీసేటప్పుడు మొత్తం మీద పన్ను. 1986 పన్ను సంస్కరణ చట్టం ఆ తేలికదనాన్ని పోగొట్టింది. ఆఫీసులో రిటైర్మెంట్ ప్లాన్ ఉండి, ఆదాయం ఒక హద్దు దాటితే మినహాయింపు లేదన్నారు. అయితే డబ్బు వేసుకోవచ్చు, పన్ను కట్టిన డబ్బే వేసుకోవాలి. అలా ఒకే ఖాతాలో రెండు రకాల డబ్బు చేరింది. పన్ను కట్టినదాన్ని బేసిస్ అంటారు. ఆ బేసిస్ లెక్క ఏటా నిలబెట్టడానికి 8606 పుట్టింది.

1997 చట్టం రాత్ ఐఆర్‌ఏని తెచ్చింది. డెలావేర్ సెనేటర్ విలియం రాత్ పేరు దానికి పెట్టారు. ఇందులో వేసేది పన్ను కట్టిన డబ్బు, షరతుల ప్రకారం తీసేటప్పుడు లాభం మీద కూడా పన్ను ఉండదు. ఆదాయం ఎక్కువున్నవారు నేరుగా ఇందులో వేయకూడదు. 2025కి ఆ హద్దు ఒంటరివారికి 1,50,000 డాలర్ల దగ్గర మొదలై 1,65,000 దగ్గర పూర్తిగా మూసుకుపోయేది. కలిసి ఫైల్ చేసే దంపతులకు 2,36,000 నుంచి 2,46,000. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇల్లు ఈ గీత ఎప్పుడు దాటిందో ఆ ఇంటివాళ్ళకే గుర్తుండదు. 2010 నుంచి సంప్రదాయ ఐఆర్‌ఏని రాత్‌లోకి మార్చుకోవడానికి ఉన్న ఆదాయ హద్దు ఎత్తేశారు. దాంతో ముందు మామూలు ఐఆర్‌ఏలో మినహాయింపు లేకుండా వేసి, తరవాత రాత్‌లోకి మార్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు మన ఆఫీసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అందరూ బ్యాక్‌డోర్ రాత్ అంటున్నది ఇదే. చట్టబద్ధమైన పనే. కానీ రెండు మెట్లూ కాగితం మీద పడాలి. స్నేహితుడు ఫోన్‌లో చెప్పేది డబ్బు ఎలా కదిలించాలో మాత్రమే. ఆ కదలికను రిటర్న్‌లో ఎలా రాయాలో చెప్పేవారు తక్కువ.

బ్రోకరేజీ కంపెనీకి తెలియదా, అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి తెలియదా అని అడుగుతారు. ఎవరికి ఎంత తెలుసో చూద్దాం. మీరు డబ్బు వేసిన సంగతిని కంపెనీ 5498 అనే ఫారంలో ఐఆర్‌ఎస్‌కి చెబుతుంది. తీసినా, రాత్‌లోకి మార్చినా 1099-ఆర్ పంపుతుంది. మీరు ఆ ఏడాది రిటర్న్‌లో మినహాయింపు తీసుకున్నారో లేదో కంపెనీకి తెలిసే వీలు లేదు. అందుకే 1099-ఆర్‌లో పన్ను పడే మొత్తం అన్న గడిలో సాధారణంగా పూర్తి సొమ్మే కనిపిస్తుంది, పక్కనే పన్ను పడే మొత్తం నిర్ణయించలేదు అన్న గడిలో టిక్ ఉంటుంది. ఆ టిక్‌ని చాలామంది చదవరు. సాఫ్ట్‌వేర్ ప్రశ్న అడిగినప్పుడు నెక్స్ట్ నొక్కేస్తారు. 8606 వెళ్ళకపోతే ఐఆర్‌ఎస్ కంటికి మీ బేసిస్ సున్నా.

ముందుగా తేలికైన పరిస్థితి. ఒకాయన 2014 నుంచి 2018 వరకు ఏటా 5,500 డాలర్లు మినహాయింపు తీసుకోకుండా మామూలు ఐఆర్‌ఏలో వేశాడనుకోండి. రాత్‌లోకి మార్చలేదు. 8606 ఒక్క ఏడాదీ పెట్టలేదు. మొత్తం 27,500 డాలర్లు. అరవై దాటాక తీసుకునేటప్పుడు సాక్ష్యం లేకపోతే ఆ సొమ్ము మీద మళ్ళీ పన్ను. 22 శాతం శ్లాబులో ఉంటే 6,050 డాలర్లు. ఆలస్యంగా 8606 పెడితే చట్టం చెప్పే జరిమానా ఫారానికి 50 డాలర్లు. అయిదేళ్ళకు ఎంత గట్టిగా వేసినా 250. సహేతుక కారణం చూపితే అదీ మాఫీ కావచ్చు. 6,050 పక్కన 250 పెట్టి చూశాక, పాత తప్పును కదిపితే కొంప మునుగుతుందన్న భయానికి ఆధారం ఏదీ కనిపించదు.

పద్ధతి ఇది. ఏ ఏడాదికి ఆ ఏడాది ఫారమే వాడాలి. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో పాత సంవత్సరాల ఫారాలన్నీ ఉంటాయి. పన్ను మారడం లేదు కాబట్టి కొందరు 8606ని విడిగా సంతకం చేసి పంపుతారు, కొందరు అకౌంటెంట్లు సవరణ రిటర్న్ 1040-ఎక్స్‌కి జత చేసి, చిన్న వివరణతో పంపుతారు. ఎలా పంపినా, వేసిన సొమ్ముకు 5498, మినహాయింపు తీసుకోలేదనడానికి ఆ ఏటి 1040 రిటర్న్ దగ్గర పెట్టుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే రుజువు. కాగితాలు పారేశామని దిగులుపడేవాళ్ళకు ఒక మాట. ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ దాదాపు పదేళ్ళ వెనక్కి దొరుకుతుంది. 5498, 1099-ఆర్ వివరాలు అందులో ఉంటాయి. రిటర్న్ నకలు పూర్తిగా కావాలంటే 4506 ఫారం పెట్టి, రుసుము కట్టి తెప్పించుకోవచ్చు, కానీ అది సాధారణంగా ఏడేళ్ళ దాకానే. అంటే ఏటా ఒక ఏడాది సాక్ష్యం మన చేతికి అందకుండా పోతోంది. ఇది వాయిదా వేయదగ్గ పని కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

రెండో పరిస్థితిలో నష్టం అప్పటికే జరిగి ఉంటుంది. డబ్బు వేసి, వెంటనే రాత్‌లోకి మార్చి, 8606 లేకుండా, 1099-ఆర్‌లో కనిపించిన మొత్తం మీద పన్ను కట్టేశారు. 2022కి 6,000 డాలర్లు మార్చి 24 శాతం శ్లాబులో ఉన్నవారు 1,440 డాలర్లు అనవసరంగా కట్టినట్టు. భార్యాభర్తలిద్దరూ చేసి ఉంటే 2,880. దీన్ని 1040-ఎక్స్‌తో వెనక్కి అడగవచ్చు. అయితే ఇక్కడ గడియారం ఉంది. రిటర్న్ ఫైల్ చేసిన నాటి నుంచి మూడేళ్ళు, లేదా పన్ను కట్టిన నాటి నుంచి రెండేళ్ళు, ఏది తరవాత వస్తే అది. గడువు లోపల ఫైల్ చేసినవారికి ఏప్రిల్ గడువు తేదీ నుంచి లెక్క. అది దాటితే ఐఆర్‌ఎస్ మీ మాట నిజమని ఒప్పుకున్నా డబ్బు ఇవ్వలేదు. పాత రిటర్నులు బయటికి తీసినప్పుడు మొదట చూడవలసింది ఇంకా తలుపు తెరిచి ఉన్న మూడేళ్ళే. ఇటీవలి మూడు సంవత్సరాల సవరణలు ఎలక్ట్రానిక్‌గా పంపవచ్చు, అంతకు ముందువి కాగితం మీద వెళ్ళాలి.

ఈ రెండు పరిస్థితుల్లోనూ పదే పదే ఎదురయ్యే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వేసే డబ్బు. 2024 మార్చిలో, 2023 సంవత్సరానికని 6,500 డాలర్లు వేసి, ఆ వారంలోనే రాత్‌లోకి మార్చారనుకోండి. వేసిన సంగతి 2023 ఫారం మీద, మార్చిన సంగతి 2024 ఫారం మీద రావాలి. 2023 ఫారంలో 14వ వరుసలో మిగిలిన 6,500, 2024 ఫారంలో రెండో వరుసలోకి నడిచి రావాలి. ఆ వరుస ఖాళీగా వదిలేస్తే రెండో ఏడాది మొత్తం మీద పన్ను పడుతుంది. రెండోది దంపతులది. రిటర్న్ ఇద్దరికీ ఒకటే అయినా ఐఆర్‌ఏ ఎవరిది వారిదే, 8606 ఎవరిది వారిదే. ఉద్యోగం లేని భార్యకు భర్త జీతం ఆధారంగా వేసినా ఖాతా ఆమెది, బేసిస్ ఆమెది. రెండు ఖాతాల సొమ్మునూ భర్త పేరున ఒకే ఫారం మీద రాసిన రిటర్నులు కనిపిస్తూనే ఉంటాయి. అలా రాస్తే ఆయనకు లేని బేసిస్ చేరింది, ఆవిడకు ఉన్నది మాయమైంది. బేసిస్ ఎక్కువ చూపితే జరిమానా 50 కాదు, 100. ఇంట్లో డబ్బు ఎవరిదైతేనేం అనే మన మంచి అలవాటు ఈ ఒక్క చోట పనికిరాదు.

ఇక పన్ను తక్కువ కట్టిన సందర్భాలు. ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ రిటైర్మెంట్ ప్లాన్ 401(కె)ని ఐఆర్‌ఏలోకి రోలోవర్ చేసుకోవడం మనవాళ్ళలో మామూలు. చట్టం మీ మామూలు ఐఆర్‌ఏలన్నిటినీ, సెప్, సింపుల్ ఐఆర్‌ఏలతో సహా, డిసెంబర్ 31 నాటికి ఒకే కుండగా చూస్తుంది. రోలోవర్ సొమ్ము 54,000 ఉండి, పన్ను కట్టిన 6,000 కొత్తగా వేసి ఆ 6,000 రాత్‌లోకి మార్చారనుకోండి, ఎదుగుదల పక్కన పెడదాం. మొత్తం 60,000లో బేసిస్ పదో వంతు. కాబట్టి మార్చినదాంట్లో 600కే పన్ను లేదు, 5,400 మీద పన్ను ఉంది. ఖాతాలు వేరు, కంపెనీలు వేరు అని చెప్పినా చెల్లదు. మిగిలిన 5,400 బేసిస్ పోదు, 14వ వరుసలో తరవాతి ఏటికి నడుస్తుంది. చాలామంది దీన్ని పన్ను లేని మార్పిడిగా రాసేశారు. సరిదిద్దాలంటే 8606 మళ్ళీ రాసి, 1040-ఎక్స్‌తో పన్ను, వడ్డీ కట్టాలి. ఈ మధ్య సంవత్సరాల్లో వడ్డీ ఏటికి 7, 8 శాతం నడిచింది. ముందు ముందు ఇది రాకుండా, ఐఆర్‌ఏలోని పన్ను కట్టని సొమ్మును ఇప్పటి కంపెనీ 401(కె) ఒప్పుకుంటే డిసెంబర్ 31 లోపల అందులోకి పంపుకోవచ్చు.

ఆదాయం హద్దు దాటినా నేరుగా రాత్‌లో వేసినవారిది ఇంకో సమస్య. అది అధిక జమ. అది ఖాతాలో ఉన్నంత కాలం ఏటా 6 శాతం పన్ను. రిటర్న్ సకాలంలో ఫైల్ చేసినవారు అక్టోబర్ 15 లోపల ఆ సొమ్మును లాభంతో సహా వెనక్కి తీసుకోవచ్చు, లేదా మామూలు ఐఆర్‌ఏకి వేసినట్టుగా మార్పించుకోవచ్చు. ఆ తేదీ దాటితే ఆ పన్నును 5329 ఫారంతో కట్టాలి. 2021కి పొరపాటున 6,000 వేసి, 2025 నవంబర్‌లో తెలుసుకున్నవారి లెక్క చూద్దాం. ఏటికి 360 చొప్పున 2021 నుంచి 2024 దాకా నాలుగేళ్ళకు 1,440 డాలర్లు. 2025 డిసెంబర్ 31 లోపల ఆ 6,000 తీసేస్తే అయిదో 360 ఉండదు. ఒకప్పుడు 5329 పెట్టకపోతే ఈ పన్నుకు కాలపరిమితే మొదలయ్యేది కాదు. 2022 చివర వచ్చిన సెక్యూర్ 2.0 చట్టం ఆదాయపు పన్ను రిటర్న్ ఫైల్ చేస్తే ఆరేళ్ళకు ముగిసేలా మార్చింది. నా దృష్టిలో అది ఎంతో మానవీయమైన మార్పు. తెలియక జరిగిన తప్పు మనిషిని జీవితాంతం వెంటాడకూడదు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారి రెండు కంపెనీల 401(కె)లలోనూ పూర్తిగా వేసేవారు కూడా చూసుకోవాలి. మీ జీతం నుంచి వెళ్ళే భాగానికి పరిమితి మనిషికి, కంపెనీకి కాదు. 2024లో అది 23,000. ఎక్కువైనది మరుసటి ఏప్రిల్ 15 లోపల వెనక్కి అడగకపోతే, వేసిన ఏడాదిలో ఒకసారి, తీసిన ఏడాదిలో మరొకసారి పన్ను పడుతుంది. కాంట్రాక్టు మీద కంపెనీలు మారే మన కుర్రవాళ్ళకు ఇది ముఖ్యం. కొత్త కంపెనీ పేరోల్ వాళ్ళకు పాత జీతం సంగతి మీరే చెప్పాలి.

ఇప్పుడు మనసులో ఉండే భయం గురించి. సవరణ రిటర్న్ పెడితే ఆడిట్ వస్తుందని, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాం కాబట్టి పాత తప్పు బయటపెట్టుకుంటే ప్రమాదమని అనుకునేవారున్నారు. ఈ సంవత్సరం రిటర్న్‌లోనే ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనే సలహా కూడా తిరుగుతుంటుంది. ఆ సలహా తప్పు. గత ఏటి తప్పును ఈ ఏటి అంకెల్లో దాచితే అమాయకపు పొరపాటు కాస్తా తెలిసి చేసిన పనవుతుంది. చట్టం వైపు నుంచి చూడండి. ఐఆర్‌ఎస్ మిమ్మల్ని విచారణకు పిలవకముందే సవరణ పెట్టి తేడా చూపితే, ఆ అదనపు పన్నును మొదటి రిటర్న్‌లోనే చూపినట్టుగా పరిగణించే నియమం ఉంది. అప్పుడు 20 శాతం అలక్ష్యపు జరిమానా వర్తించదు. మీరు కట్టేది పన్ను, వడ్డీ. అదే తేడాను వాళ్ళు కనుక్కుంటే ఈ రక్షణ ఉండదు. వలసదారుడికి కూడా రేపు పౌరసత్వం దరఖాస్తులో పన్నుల ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు సరిదిద్దిన రిటర్నే అండ. కావాలని దాచిన ఆదాయం ఉన్నవారి సంగతి వేరు. వారు ఏ ఫారమూ పెట్టకముందే లాయర్‌ని కలవాలి.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మొదటి ఉద్యోగం చేసి పీఎఫ్ ఖాతా అలాగే వదిలేసి వచ్చినవారు ఈ హాల్లో చాలామంది ఉంటారు. పీపీఎఫ్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదని నమ్మేవారూ ఉన్నారు. అమెరికా అలా చూడదు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజున 10,000 డాలర్లు దాటినా, వాటి వివరాలు చెప్పే నివేదిక అయిన ఎఫ్‌బార్ పెట్టాలి. కావాలని చేయని లోపాలకు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు, కావాలని చేయలేదన్న ధ్రువీకరణ. అమెరికాలో ఉంటున్నవారికి 5 శాతం జరిమానా, బయట ఉంటున్నట్టు నియమాల ప్రకారం తేలినవారికి అదీ లేదు. 2023లో బిట్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కావాలని చేయని లోపానికి జరిమానా ఒక్కో ఖాతాకు కాదు, ఒక్కో ఏటి నివేదికకే అని 5-4తో తేల్చింది. చిన్న చిన్న ఖాతాలు నాలుగైదు ఉన్న మనలాంటి ఇళ్ళకు ఆ తీర్పు పెద్ద ఊరట.

తిరిగి వెళ్ళిపోయేవారికి ఇండియా వైపు కూడా ఒక ఫారం ఉంది. 2021 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలోకి 89ఏ సెక్షన్ వచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడాల రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగే ఆదాయం మీద ఇండియాలో అప్పటికప్పుడు కాకుండా, అక్కడ తీసినప్పుడే పన్ను పడేలా ఎంచుకునే వీలు దానిలో ఉంది. దానికి 10-ఈఈ ఫారం రిటర్న్ గడువులోపలే పెట్టాలి. ఒకసారి ఎంచుకుంటే తరవాతి ఏళ్ళకూ అదే నడుస్తుంది, వెనక్కి తీసుకోలేరు. విజయవాడలోనో వరంగల్‌లోనో స్థిరపడ్డాక 401(కె) సంగతి స్థానిక ఆడిటర్‌కి చెప్పని పెద్దలు వెంటనే చెప్పాలి. విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో కూడా ఆ ఖాతా కనిపించాలి.

చివరగా వారసుల మాట. ఖాతాదారు కాలం చేస్తే ఆయన బేసిస్ కూడా ఖాతాతో పాటు వారసులకు వస్తుంది. పిల్లలు తీసుకునేటప్పుడు వారూ 8606 పెట్టి పన్ను కట్టిన భాగాన్ని మినహాయించుకోవచ్చు. కానీ నాన్నగారు ఏ ఏడాది ఎంత వేశారో వారికి ఎలా తెలుస్తుంది? 2019 తరవాతి నిబంధనల ప్రకారం చాలామంది పిల్లలు పదేళ్ళలో ఖాతా ఖాళీ చేయాలి. వారు అప్పటికే తమ ఉద్యోగాల్లో ఎత్తయిన శ్లాబులో ఉంటారు. లేని కాగితం ఖరీదు వాళ్ళకు ఇంకా ఎక్కువ. నామినీ పేరు రాసిన చోటే చివరి 8606 నకలు కూడా పెట్టండి. దాని 14వ వరుసలో మొత్తం కథ ఒక్క అంకెలో ఉంటుంది.

మొదలుపెట్టేవారికి వరుస చెబుతాను. అన్నిటికంటే పాత సంవత్సరం ఫారం ముందు నింపండి, ఎందుకంటే దాని 14వ వరుస తేలితేనే తరవాతి ఫారం రెండో వరుస తేలుతుంది. పంపడంలో మాత్రం, రిఫండ్ గడువు దగ్గరపడిన సంవత్సరాన్ని ముందు పంపండి. కాగితం మీద వెళ్ళేవి సర్టిఫైడ్ మెయిల్‌లో, ఏ ఏటి సవరణ ఆ ఏటికి వేరే కవరులో పంపి రశీదు దాచండి. ఈ సభ అయ్యాక పాత రిటర్నులు వెంట తెచ్చుకున్నవారు పక్క గదికి రండి, అకౌంటెంట్ మిత్రులు ఇద్దరు, నేను అక్కడే కూర్చుంటాం.